కార్డు కోసం చివరి మూడు నెలలు, టోర్నీ లేని వారాలు: ఒక గోల్ఫ్ ప్రొఫెషనల్ బతుకు ఎలా ఉంటుంది?

మీరు అడిగినవి మూడు. ఆగస్టులో టూర్ ఛాంపియన్‌షిప్‌తో అమెరికా పీజీఏ టూర్ గోల్ఫ్ సీజన్ ముగిసిందని టీవీలో చెప్పాక కూడా సెప్టెంబరు నుంచి నవంబరు దాకా కొందరు ప్రాణం పెట్టి ఎందుకు ఆడతారన్నది మొదటిది. టోర్నీకీ టోర్నీకీ మధ్య వాళ్లు ఏం చేస్తారన్నది రెండోది. పదహారేళ్ల మీ అబ్బాయి, ఆ టూర్‌లో ఆడే అమెరికన్ గోల్ఫర్ సాహిత్ తీగల ఆట చూసి ప్రొఫెషనల్ అవుతానంటున్నాడు, ఇంట్లో మీరు దేనికి సిద్ధపడాలన్నది మూడోది. నేను మన దేశపు ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ అయిన పీజీటీఐలో కొన్ని సీజన్లు ఆడాను. తర్వాత అమెరికాలో క్యాడీగా, అంటే ఆటగాడి వెంట ఉండే సహాయకుడిగా, క్లబ్బుల బ్యాగు మోశాను. ఇప్పుడు పిల్లలకి నేర్పిస్తున్నాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు కార్డు సంగతి. పీజీఏ టూర్ ఆటగాడికి నెల జీతం లేదు, జట్టు లేదు, వచ్చే ఏడాదికి కాంట్రాక్టు లేదు. ఉన్నదల్లా కార్డే. వచ్చే సీజన్ టోర్నీల్లో దిగే హక్కు అది. ఆ కార్డు ఎవరికి నిలుస్తుందో, ప్రతి టోర్నీలో వచ్చిన స్థానాన్ని బట్టి పడే ఫెడెక్స్ కప్ పాయింట్లు తేలుస్తాయి. ఆగస్టు నాటికి మొదటి 70 మంది ముగింపు టోర్నీల్లో మొదటిది ఆడటానికి మెంఫిస్ వెళ్తారు, వాళ్లలో 50 మంది బీఎండబ్ల్యూ ఛాంపియన్‌షిప్‌కి, చివరికి 30 మంది అట్లాంటాలోని ఈస్ట్ లేక్‌లో జరిగే టూర్ ఛాంపియన్‌షిప్‌కి. 2025లో టామీ ఫ్లీట్‌వుడ్ అక్కడ గెలిచి కోటి డాలర్లు అందుకోవడం మీరు చూసే ఉంటారు. మొదటి 50 మందికి మరుసటి ఏడాది పెద్ద డబ్బున్న సిగ్నేచర్ టోర్నీలన్నిట్లో చోటు ఖాయం. వాళ్లు ఆ మూడు నెలలు నిశ్చింతగా ఉండొచ్చు. 51వ స్థానం నుంచి కిందున్నవాళ్లకి లెక్క నవంబరు దాకా నడుస్తుంది.

2024 దాకా ఏడాది చివరికి 125 లోపు ఉంటే పూర్తి కార్డు దక్కేది. 2025 నుంచి ఆ గీత 100కి జరిగింది. 101 నుంచి 125 దాకా ఉన్నవాళ్లకి అరకొర కార్డు దొరుకుతుంది. ఖాళీ ఉన్న వారం పిలుపొస్తుంది, లేని వారం ఇంట్లోనే ఉండాలి. అదే ఊపులో కింది మెట్టయిన కోర్న్ ఫెర్రీ టూర్ నుంచి పైకొచ్చే కార్డులు 30 నుంచి 20కి తగ్గాయి. టోర్నీలో దిగేవాళ్ల సంఖ్య కూడా 156 నుంచి 144కో, అంతకన్నా తక్కువకో దించారు. అంటే పై మెట్టు మీద నిలబడే చోటే కుదించుకుపోయింది. 110వ స్థానంలో ఉన్న ఆటగాడు 2024లో అయితే పిల్లల్ని తీసుకుని సెలవులకి వెళ్లేవాడు. 2025లో అదే 110తో పెట్టె సర్దుకుని మిసిసిపీ వెళ్లాల్సి వచ్చింది.

పైన ఇంకో చిన్న గీత కూడా ఉంది. నవంబరు చివరికి 51 నుంచి 60 మధ్య నిలిస్తే కొత్త సీజన్ మొదట్లో పెబుల్ బీచ్, జెనెసిస్ అనే సిగ్నేచర్ టోర్నీలు రెండింట్లో చోటు దొరుకుతుంది. అందుకే 58లో ఉన్నవాడికీ కంటి మీద కునుకు ఉండదు, 98లో ఉన్నవాడికీ ఉండదు. బయటివాళ్లకి ఇద్దరూ బాగానే ఆడుతున్నట్టు కనిపిస్తారు.

ఇప్పుడు అసలు కిటుకు. మామూలు టోర్నీ గెలిస్తే 500 పాయింట్లు, రెండో స్థానానికి 300, మూడో స్థానానికి 190. యాభయ్యో స్థానానికి పది కూడా రావు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. వారం వారం కట్ (రెండు రౌండ్ల తర్వాత ఎవరు మిగులుతారో తేల్చే గీత) దాటి యాభయ్యో స్థానంతో సరిపెట్టుకునే ఆటగాడు సీజనంతా కష్టపడి కూడబెట్టింది, ఒక్క వారం మూడోస్థానంలో నిలిచినవాడు నాలుగు రోజుల్లో దాటేస్తాడు. కాబట్టి సీజన్ చివర్లో గెంటుకుని పైకి రావాలంటే నిలకడ ఒక్కటే చాలదు. ఒక్క గొప్ప వారం కావాలి. ఆ వారం వచ్చేనాటికి ఒళ్లూ మనసూ తాజాగా ఉండాలి. ఇంత రాయడంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే: చివరి పోరు తేలేది చాలావరకు ఆట లేని వారాల్లో.

2025 బెర్ముడా ఛాంపియన్‌షిప్ చూడండి. ఆడమ్ షెంక్ అక్కడికి 134వ స్థానంతో వచ్చాడు. టూర్‌లో ఏళ్ల తరబడి ఆడుతున్నా ఒక్క టోర్నీ కూడా గెలవలేదు. పోర్ట్ రాయల్ కోర్సు సముద్రం ఒడ్డున ఉంటుంది, ఆ వారాంతంలో గాలి దంచి కొట్టింది. అందరూ షాట్లు పోగొట్టుకుంటున్న చోట అతను పార్‌లు (ఒక్కో హోల్‌కి నిర్ణయించిన షాట్ల సంఖ్య) పట్టుకుని వేలాడాడు. ఒక్క షాట్ తేడాతో గెలిచి 67వ స్థానానికి వచ్చేశాడు. గెలిచినవాడికి పైన రెండేళ్ల కార్డు కూడా దొరుకుతుంది. ఆ ముందు ఏడాది జార్జియాలోని సీ ఐలండ్‌లో, సీజన్‌కి ఆఖరిదైన ఆర్‌ఎస్ఎమ్ క్లాసిక్‌లో, డేనియల్ బర్గర్ ఇదే పని చేశాడు. నడుము గాయంతో చాలాకాలం ఆటకి దూరమై తిరిగొచ్చిన మనిషి. 127తో వచ్చి, రెండో స్థానం పంచుకుని, సరిగ్గా 100తో ఇంటికెళ్లాడు.

అదే టోర్నీలో జోయెల్ డేమన్ కథ ఇంకా గుచ్చుకుంటుంది. అప్పటి గీత 125. అతను 124లో ఉన్నాడు. శుక్రవారం చివరి హోల్‌లో ఆరడుగుల లోపు పుట్ (బంతిని రంధ్రంలోకి దొర్లించే షాట్) వేస్తే కట్ దాటతాడు, తప్పితే కార్డు దాదాపు చేజారినట్టే. వేశాడు. ఆదివారం రౌండ్ 64 షాట్లలో ముగించాడు. ఏడాది ముగిసేసరికి మళ్లీ 124 దగ్గరే ఉన్నాడు. ఒక్క స్థానం కూడా పైకి జరగలేదు, అయినా అతని జీవితంలో అది పెద్ద ఆటల్లో ఒకటని నేనంటాను. అంతకు కొద్ది వారాల ముందే లాస్ వేగస్‌లో మొదటి రౌండ్‌లో బ్యాగులో 14కి బదులు 15 క్లబ్బులున్నాయని అతనికి నాలుగు షాట్ల జరిమానా పడింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. క్లబ్బులు లెక్కపెట్టడం బ్యాగు మోసేవాడి పని. మొదటి టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర ఒకసారి, ప్రాక్టీసు నుంచి బయల్దేరేటప్పుడు ఒకసారి, వేలితో తాకుతూ లెక్కపెట్టేవాణ్ని. కార్డు 124 దగ్గర తేలినప్పుడు నాలుగు షాట్లంటే ఏమిటో క్యాడీలందరికీ తెలుసు.

మీ అబ్బాయి అభిమానించే సాహిత్ సంగతికొస్తే, అతను కాలిఫోర్నియాలో పుట్టి పెరిగినా అమ్మానాన్నలది హైదరాబాదు. పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో చదువుతూ ఆడాడు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్‌లో చివరి రోజు 17వ హోల్ దగ్గర బంతి ఎడమకి ఎగిరి నీళ్లలో పడింది, సమానంగా నిలిచినవాళ్లు ఆడే ప్లేఆఫ్ ఒక్క షాట్‌తో తప్పిపోయింది. ఆ జూన్‌లో ట్రావెలర్స్ టోర్నీలో చివరి హోల్ డబుల్ బోగీతో (పార్ కన్నా రెండు షాట్లు ఎక్కువ) గెలుపు జారిపోయింది. నవంబరులో సీ ఐలండ్‌లో మళ్లీ రెండో స్థానమే. చివరికి 2023 సెప్టెంబరులో నాపాలో 21 అండర్‌తో (పార్ కన్నా 21 షాట్లు తక్కువ), రెండు షాట్ల తేడాతో గెలిచాడు. అది టీవీ లెక్కన సీజన్ అయిపోయాక వచ్చిన టోర్నీ. మరుసటి ఏడాది ఈస్ట్ లేక్‌లో మూడోస్థానంలో నిలిచాడు. అక్కడ మూడో రౌండ్‌లో బంకర్ అనే ఇసుక గుంటలో క్లబ్బు ఇసుకని తాకిందని తనకి తానే చెప్పి రెండు షాట్ల జరిమానా వేయించుకున్నాడు. లక్షల డాలర్లు ఊగుతున్న చోట, ఇంకెవరూ గమనించకముందే చెప్పాడు. మీ అబ్బాయికి అతని స్వింగ్ వీడియోలతో పాటు ఇది కూడా చూపించండి. 2025లో గాయాలు అతన్ని వెనక్కి లాగాయి. ఆ స్థాయి ఆటగాడికి కూడా ఒక్క ఏడాదిలో లెక్క తలకిందులవుతుందని అప్పుడు అర్థమైంది.

రెండో ప్రశ్న, మధ్యలో జీవితం. 2025 శరదృతువు క్యాలెండర్‌ని దారిగా ఊహించుకోండి. సెప్టెంబరు మధ్యలో కాలిఫోర్నియాలోని నాపా. అక్టోబరు మొదటి వారం మిసిసిపీలోని జాక్సన్. మరుసటి వారం జపాన్‌లోని యోకోహామా, అక్కడ కట్ ఉండదు గానీ తక్కువ మందికే చోటు, కాబట్టి గీత దగ్గర కొట్టుమిట్టాడేవాళ్లలో చాలామందికి ఆ తలుపు తెరుచుకోదు. అక్టోబరు చివర్లో యూటాలో నల్లటి లావా రాళ్ల మధ్య కట్టిన కోర్సు. నవంబరులో ఏ విరామమూ లేకుండా మూడు వారాలు వరసగా: మెక్సికోలోని లాస్ కాబోస్, అట్లాంటిక్ మధ్యలో బెర్ముడా, ఆఖరికి జార్జియా తీరం. ప్రతి చోటా గడ్డి వేరు, గాలి వేరు, ఎత్తు వేరు. యూటాలో ఎత్తు ఎక్కువ, బంతి ఇంకా దూరం పోతుంది. జాక్సన్‌లో గ్రీన్‌ల (రంధ్రం చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి) మీద బెర్ముడా రకం గడ్డి, అది ఏ వైపు వాలి పెరిగితే బంతి ఆ వైపుకి లాగుతుంది. లాస్ కాబోస్‌లో పాస్పలమ్ గడ్డి, అంటుకున్నట్టు ఉంటుంది, గ్రీన్ పక్కనుంచి చిన్నగా లేపి కొట్టిన (చిప్ చేసిన) బంతి అనుకున్నంత జారదు.

ఇందులో ఏ వారాలు ఆడాలి, ఏ వారాలు మానాలి అన్నదే ఆటగాడు తీసుకునే అతి కష్టమైన నిర్ణయం. 115వ స్థానంలో ఉన్నవాడికి అన్నీ ఆడేయాలనిపిస్తుంది. ఇంట్లో కూర్చున్న ప్రతి వారం ఎవరో తనని దాటిపోతున్నట్టు అనిపిస్తుంది, నిజంగా దాటిపోతారు కూడా. కానీ గోల్ఫ్ స్వింగ్‌లో నడుము, పక్కటెముకల కండరాలు, ఎడమ మణికట్టు పడే బాధ బయటికి కనిపించదు. నాలుగు వారాలు వరసగా ఆడాక అయిదో వారం శనివారం మధ్యాహ్నానికి కాళ్లు ముందు మొండికేస్తాయి. కాళ్లు ఆలస్యమైతే చేతులు ముందుకెళ్తాయి, బంతి ఎడమకి తిరుగుతుంది. దాన్ని ఆటగాడు టెక్నిక్ లోపమనుకుని ప్రాక్టీసు రేంజ్‌లో ఇంకో రెండు గంటలు బంతులు కొడతాడు. అలసట ఇంకా పెరుగుతుంది. ఈ గుండంలో పడి కార్డు పోగొట్టుకున్నవాళ్లని దగ్గర్నుంచి చూశాను. మూడు ఆడి ఒకటి మానడం అన్నది చాలామంది కోచ్‌లు పెట్టుకున్న కొలత, నా అభిప్రాయం కూడా అదే. చివరి మూడు టోర్నీలూ వరసగా ఉన్నాయి కాబట్టి, అక్టోబరు చివరి విరామంలో నిజంగా విశ్రాంతి తీసుకున్నవాడికే సీ ఐలండ్ ఆదివారం నాటికి ఊపిరి మిగులుతుంది.

ఆ విరామం ఎలా గడుస్తుందో చెప్తాను. ఆదివారం రాత్రి ఇల్లు చేరతాడు, లేదా సోమవారం పొద్దున. మొదటి రెండు రోజులు క్లబ్బులు గ్యారేజీలోనే ఉంటాయి. బట్టలు ఉతుక్కోవడం, పిల్లల్ని బడికి దింపడం, ఆగిపోయిన బిల్లులు, పంటి డాక్టరు, అమ్మానాన్నలకి ఫోన్లు. బయటివాళ్లు సెలవనుకునే ఆ రెండు రోజులూ మామూలు మనుషులు వారమంతా చేసుకునే పనులకి సరిపోతాయి. మూడో రోజు ఫిజియో దగ్గరికి వెళ్తాడు, కాస్త జిమ్ చేస్తాడు. నాలుగో రోజు కోచ్‌తో కూర్చుని గత మూడు వారాల అంకెలు తీస్తారు. టూర్‌లో ప్రతి షాట్‌నీ కొలుస్తారు కాబట్టి ఏ దూరం నుంచి షాట్లు పోతున్నాయో దాచడానికి వీల్లేదు. నేను బ్యాగు మోసిన ఆటగాడికి ఒక సీజన్ చివర్లో డ్రైవింగ్ (డ్రైవర్ క్లబ్బుతో కొట్టే పొడవాటి మొదటి షాట్) పోయిందని గట్టి నమ్మకం. అంకెలు తీస్తే 100 నుంచి 125 గజాల మధ్య వెడ్జ్ (తక్కువ దూరాలకి వాడే క్లబ్బు) షాట్లే కొంప ముంచుతున్నాయని తేలింది. ఆ విరామంలో డ్రైవర్ ముట్టుకోలేదు. ఖాళీ రేంజ్‌లో నేను తువ్వాళ్లు పరిచి నిలబడితే పొద్దునంతా ఆ దూరాలే కొట్టాడు. ప్రతి బంతి పడ్డ చోటు చెప్పడం, రాసుకోవడం నా వంతు.

పాత వెడ్జ్ పక్కన పెట్టడం కూడా ఆ వారంలోనే జరుగుతుంది. బంకర్ ఇసుకకి క్లబ్బు ముఖం మీది గీతలు అరిగిపోతే బంతి మీద స్పిన్ తగ్గుతుంది, గ్రీన్ మీద ఆగాల్సిన బంతి ఇంకో రెండు గజాలు జారుతుంది. అందుకే ప్రొఫెషనల్స్ ఎక్కువ లాఫ్ట్ (ముఖం వాలు) ఉన్న వెడ్జ్‌ని ఏడాదిలో చాలాసార్లు మారుస్తారు. చివరి టోర్నీల ముందు కొత్తది పెట్టాలా, చేతికి అలవాటైన పాతదే ఉంచాలా అన్న చర్చ ఇంట్లో పెళ్లి మాటల్లాగా రోజుల తరబడి నడుస్తుంది. నా సలహా ఎప్పుడూ ఒకటే: విరామంలో మార్చి, విరామంలోనే అలవాటు చేసుకోవాలి. టోర్నీ వారం బుధవారం కొత్త వెడ్జ్ పట్టుకుంటే గురువారం మొదటి బంకర్ దగ్గర చెయ్యి వణుకుతుంది.

టోర్నీ వారానికి దాని తీరు దానికుంది. సోమవారం ప్రయాణం, మంగళవారం ప్రాక్టీసు రౌండ్, బుధవారం స్పాన్సర్ల అతిథులతో ప్రో ఆమ్, గురువారం నుంచి అసలు ఆట. క్యాడీ ఆటగాడికంటే ముందే కోర్సంతా నడిచి, ఏ బంకర్ ఎంత దూరమో, గ్రీన్ ఎటు వాలిందో యార్డేజ్ పుస్తకంలో రాసుకుంటాడు. హోటల్, విమానం, క్యాడీ జీతం, కోచ్, ఫిజియో ఖర్చంతా ఆటగాడిదే. క్యాడీకి వారం జీతంతో పాటు వచ్చిన డబ్బులో అయిదు శాతం, మొదటి పదిలో ఉంటే ఏడు, గెలిస్తే పది ఇవ్వడం వాడుక. గెలిచినవాడికి మొత్తం ప్రైజ్ మనీలో 18 శాతం వస్తుంది. కట్ తప్పితే మాత్రం చేతికి ఏమీ రాని స్థితి చాలాకాలం ఉండేది. 2022-23 సీజన్ నుంచి పూర్తి కార్డున్నవాళ్లకి ఏడాదికి అయిదు లక్షల డాలర్ల భరోసా పెట్టారు. అది వినడానికి పెద్దదే గానీ, ఖర్చులూ, ఆడిన రాష్ట్రాల్లో ఆదాయ పన్ను ఉన్నచోటల్లా కట్టే పన్నూ తీసేస్తే మిగిలేది చూసి కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. చాలామంది రాష్ట్ర ఆదాయ పన్ను లేని ఫ్లోరిడా, టెక్సాస్‌లలో ఇళ్లు తీసుకోవడానికి అదొక కారణం. ఏడాది పొడవునా పచ్చగా ఉండే ప్రాక్టీసు మైదానాలు ఇంకో కారణం.

శుక్రవారం సాయంత్రం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చివరి పోరంతా అక్కడే బిగుసుకుంటుంది. రెండు రౌండ్ల తర్వాత మొదటి 65 మంది, వాళ్లతో సమానంగా ఉన్నవాళ్లు మాత్రమే మిగులుతారు. నవంబరులో పొద్దు త్వరగా కుంకుతుంది, ఒక్కోసారి రెండో రౌండ్ శనివారం పొద్దున దాకా సాగుతుంది. ముందే ఆడేసినవాళ్లు స్కోరు ఇచ్చేసి, గీత మీద ఉండి, గంటల తరబడి ఎదురు చూడాలి. లాకర్ రూమ్‌లో ఎవరూ మాట్లాడుకోరు. అందరి చేతుల్లో ఫోన్లే. కట్ గీత ఒక షాట్ అటు జరిగితే ఇటు ఎవరో బూట్లు విప్పేస్తారు, ఇటు జరిగితే ఇంకెవరో హోటల్ గది పొడిగిస్తారు. తానెక్కడున్నానో ప్రతి పుట్ తర్వాత మారే ర్యాంకు తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. నా ఆటగాడి ఫోను ఆ సాయంత్రాల్లో నా దగ్గరే ఉండేది, అది మా ఇద్దరి మధ్య ఒప్పందం. అతను పుటింగ్ గ్రీన్ మీద మూడడుగుల పుట్‌లు వేస్తుండేవాడు. తెలియాల్సింది ఉంటే నేనే వెళ్లి చెప్పేవాణ్ని. కట్ దాటాడన్నది, ఎన్నింటికి టీ టైమ్ అన్నది, ఆ రెండే. ర్యాంకు చెప్పేవాణ్ని కాదు, అతనూ అడిగేవాడు కాదు.

ఒంటరితనం మాట కూడా దాచకుండా చెప్పాలి. భార్యాపిల్లల్ని వెంట తీసుకెళ్లే స్తోమత ఉన్నవాళ్లకి టూర్‌లో పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఉంది. కింది మెట్టులో అది కుదరదు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, అన్నీ తప్పిపోతాయి. థాంక్స్‌గివింగ్ సరిగ్గా సీ ఐలండ్ తర్వాతి వారం వస్తుంది. కార్డు నిలిచిన ఇంట్లో ఆ భోజనం ఒక రకం, పోయిన ఇంట్లో ఇంకో రకం. పోయినవాడు డిసెంబరులో క్యూ స్కూల్ అనే అర్హత పోటీకి వెళ్లాలి, ఫ్లోరిడాలో జరిగే ఆ ఆఖరి దశ నుంచి పైకొచ్చే కార్డులు అయిదు. పండగ పూట కూడా మనసు ఆ రేంజ్ మీదే ఉంటుంది.

మన దేశంలో బొమ్మ ఇదే, కొలతలు చిన్నవి. పీజీటీఐ 2006లో మొదలైంది. చాలా టోర్నీల్లో మొత్తం ప్రైజ్ మనీ కోటి రూపాయలు, గెలిచినవాడికి 15 లక్షలు, కట్ మొదటి 50 మందికి. ఏడాది చివరికి ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే సీజన్ ర్యాంకుల పట్టికలో మొదటివాడికి మరుసటి సీజన్ యూరప్‌కి చెందిన డీపీ వరల్డ్ టూర్ కార్డు ఇస్తున్నారు. 2023లో ఓం ప్రకాశ్ చౌహాన్, 2024లో వీర్ అహ్లావత్ అలా వెళ్లారు. మొదటి స్థానం కోసం పోటీపడేవాళ్ల శరదృతువు కూడా సీ ఐలండ్‌కి ఏమీ తీసిపోదు. కాకపోతే ఇక్కడ రాత్రి రైలు, ఇద్దరు ముగ్గురు పంచుకునే గది, దారిలో దొరికిన తిండి. నేను ఆడిన రోజుల్లో విరామ వారమంటే క్లబ్‌లో సభ్యులకి పాఠాలు చెప్పి తర్వాతి టోర్నీ ఎంట్రీ ఫీజు కూడబెట్టుకోవడమే. ఒళ్లు ఎక్కడ కోలుకుంటుంది? ఈ తరం కుర్రాళ్లకి స్పాన్సర్లు కాస్త దొరుకుతున్నారు, ఫిజియో అన్న మాట వినబడుతోంది, అది నాకు నిజంగా సంతోషం.

ఇక మీ అబ్బాయి. పదహారేళ్లకే ప్రొఫెషనల్ అవ్వడానికి తొందరేం లేదు. ఒకసారి అమెచ్యూర్ హోదా వదిలితే కాలేజీ గోల్ఫ్ తలుపు మూసుకుంటుంది. సాహిత్ కాలేజీ పూర్తి చేసి, 2020లో అక్కడి అత్యుత్తమ ఆటగాడికిచ్చే హాస్కిన్స్, బెన్ హోగన్ అవార్డులు రెండూ తీసుకున్నాకే ఇటొచ్చాడు. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ జూనియర్, అమెచ్యూర్ టోర్నీల్లో ఆడించండి. చదువు ఆపొద్దు. గోల్కొండ పక్కన నయా ఖిలాలో ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సులో ఆడుతున్నాడని రాశారు కాబట్టి బెర్ముడా గడ్డి అతనికి పుట్టింట్లా అలవాటే, ఆ బలం మీద చిప్పింగ్ పెంచుకోమనండి. ఒక నోటు పుస్తకం కొనివ్వండి. ప్రతి రౌండ్ తర్వాత ఏ దూరం నుంచి షాట్లు పోయాయో రాయించండి. వరసగా టోర్నీలు ఆడాక రెండు రోజులు క్లబ్బులు ముట్టుకోనివ్వకండి. బతిమాలుతాడు, ఒప్పుకోకండి. ఈ వయసులో వెన్నుకి అయ్యే గాయం ఇరవై అయిదేళ్లప్పుడు తిరిగొస్తుంది.

డబ్బు విషయంలో మొదటి రెండు మూడేళ్లు రాబడి లేకపోయినా నడిచేలా లెక్క వేసుకోండి, అప్పు మీద మాత్రం వద్దు. అప్పు చేసి ఆడే కుర్రాడు ఆరడుగుల పుట్ ముందు వడ్డీ గుర్తు తెచ్చుకుంటాడు. అది నేను కళ్లారా చూశాను, ఆ వయసు పిల్లల మీద పెట్టకూడని బరువు.

ఇంకొకటి. సీ ఐలండ్ శుక్రవారం సాయంత్రం అయిదంటే మనకి శనివారం తెల్లవారుజామున మూడున్నర, అబ్బాయితో కలిసి లేచి చూడగలిగితే చూడండి. కుదరకపోతే పీజీటీఐ టోర్నీ హైదరాబాదుకో, విశాఖ ఈస్ట్ పాయింట్‌కో వచ్చినప్పుడు రెండో రౌండ్ రోజు మధ్యాహ్నం తీసుకెళ్లండి. ముందున్న పేర్ల వెంట నడవొద్దు. స్కోరుబోర్డులో 45 నుంచి 55 మధ్య ఉన్న ఒక ఆటగాణ్ని ఎంచుకుని చివరి ఆరు హోళ్లు అతని వెంటే నడవనివ్వండి. తర్వాత అబ్బాయి ఏమన్నాడో ఇక్కడే రాయండి, కోచ్‌ల పేర్లు, జూనియర్ టోర్నీల సంగతులు అప్పుడు విడిగా చెప్తాను.